ఎండకు పెట్టిన సెల్లులు

నీళ్లూ మబ్బూ ఒకే రంగులో కలిసిపోయిన చోట ఒక నల్లటి చుక్క కదిలింది. ముందు చూసింది కాసులమ్మే. ఆమెవి గద్ద కళ్లని జాలరిపేటలో అందరూ అంటారు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి, "లాంచీయే. ఇటే వత్తన్నాది. ఎనకాతల ఏటో కట్టి లాక్కొత్తన్నారే అసిరీ!" అని అరిచింది. గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. అసిరమ్మ లేవలేదు. ఒళ్లో చిన్నపిల్ల నూకాలుంది కదా, అందుకని లేవలేదనుకుని ఉంటారు. అయిదేళ్ల పిల్ల బరువెంత? రాత్రి గాలికి ఇంటిమీది తాటాకులు లేచిపోతుంటే తడిసిన గోడకు ఆనుకుని గంగమ్మకు మొక్కిన మొక్కులన్నీ, తెల్లారాక ఈ పిల్ల చెవిలో చెప్పిన ఒక్క మాటతో నీళ్లయిపోయాయి.

"పడవే. మన పడవే అయ్యుంటాది. ఇంజిను లేని పడవ గదా, గాలికి ఎదురు రాలేక తాడు కట్టించుకున్నారు. మీ ఆయన సేతిలో పెట్టి ఉన్నాది. పెట్టి ఉన్నోడికి బయమేటే?" అంది కాసులమ్మ వెనక్కి తిరగకుండానే. నిన్న మధ్యాహ్నం వేటకు వెళ్లిన పడవలన్నీ రాత్రికో తెల్లారుజాముకో ఎలాగో గట్టెక్కాయి. రానిది ఒక్కటే. అందులో ఉన్నది ఇద్దరు: అసిరమ్మ భర్త వరహాలు, కాసులమ్మ భర్త చలమయ్య. వాన తగ్గిన దగ్గర్నుంచీ కాసులమ్మ ఆ పెట్టి మాటే అంటోంది. పెట్టిలో తుఫాను కబురు వినే ఉంటారు, విని భీమిలి వైపు తిప్పే ఉంటారు, అక్కడ ఏ సత్రం అరుగుమీదో కూర్చుని టీ తాగుతూ ఉంటారు, మనమిక్కడ గుండెలు బాదుకుంటున్నామని తెలిస్తే నవ్వుతారు. ఆ మాట విన్నప్పుడల్లా మిగతా ఆడవాళ్లు అవునవునంటున్నారు. అవునవునని అసిరమ్మ కూడా తలూపుతోంది. ఊపుతున్న తల తనది కానట్టు, ఎవరో జుట్టు పట్టుకుని ఊపిస్తున్నట్టు.

పెట్టి అంటే రేడియో. పేటలో మిగతావాళ్లకు అది రేడియోయే. వరహాలు ఇంట్లో మాత్రం పెట్టి. వాళ్లన్నను సముద్రం తీసుకుపోయిన ఏడు, హార్బరులో ప్రమాదం జెండా ఎక్కించారు, రేడియోలో చెప్పారు, పట్నమంతా తలుపులు బిగించుకుంది. నీళ్లలో ఉన్న మనిషికి మాత్రం చెప్పే దిక్కు లేకపోయింది. అన్న దినం చేసి వచ్చిన మర్నాడే వరహాలు తన వెండి మొలతాడు అమ్మేసి, ఓడల మీది సరుకు అమ్మే హార్బరు దగ్గరి కొట్లో ఈ ట్రాన్సిస్టరు కొనుక్కొచ్చాడు. గంగమ్మ పటం పక్కన అలమరలో పెట్టాడు. జోగమ్మ, అంటే అతని తల్లి, దానికి పసుపు రాసి కుంకం బొట్టు పెట్టింది. వాతావరణం కబురు వచ్చే వేళకు తిప్పడం, వినడం, టక్కున కట్టేయడం. కబురుకు ముందో వెనకో పాట మొదలైతే బూతు మాట విన్నట్టు కట్టేసేవాడు. "ఇది పాటల పెట్టి కాదు, పేనాల పెట్టి. సెల్లు అరిగితే పేనం అరిగినట్టే" అనేవాడు పిల్లలతో. వేటకు వెళ్లేటప్పుడు లారీ ట్యూబు ముక్కలో దూర్చి, రెండు వైపులా నీరు చొరకుండా తాడుతో బిగించి, పడవ అడ్డకర్రకు కట్టేవాడు. ఎంత పెద్ద కెరటం ఎక్కి దూకినా దానికి తడి తగిలింది లేదు. ఆ పెట్టి ఉందన్న ధైర్యంతోనే అందరికంటే దూరం పోయేవాడు. కొండలు కనబడని చోటికి. కోనెం చేప దొరికే చోటికి. పెట్టి లేకపోతే మిగతా వాళ్లలా కొండను చూస్తూ గట్టు పక్కనే వేటాడేవాడు కదా. మబ్బు కమ్మగానే వచ్చేసేవాడు కదా.

చుక్క కాస్త పెరిగింది. లాంచీ కప్పు మీది ఎర్రరంగు ఇప్పుడు తెలుస్తోంది. వెనక ఉన్నది మాత్రం ఒకసారి కెరటం మీద లేస్తుంది, ఒకసారి మాయమవుతుంది. పెద్దది పైడి ఎక్కడ? తల తిప్పి చూసింది. ఎనిమిదేళ్ల పైడి గట్టున కొట్టుకొచ్చిన చెత్తలో ఏదో ఏరుకుంటోంది. పీతను పట్టి దారం కట్టినట్టుంది. పై పళ్లు రెండు ఊడిన నోటితో పీతకేదో చెబుతోంది. దానికేమీ తెలియదు. పెట్టిని తాము బాగుచేశామనుకుంటోంది. తండ్రి పెట్టి తిప్పాడు, అది పలికింది, తండ్రి మెచ్చుకున్నాడు. దానికి తెలిసిందంతే. నూకాలికి మాత్రం పెట్టి పెట్టి అని ఇందరు ఆడవాళ్లు ఒకటే మాట అంటుంటే ఏదో అనుమానం వచ్చి, అమ్మ మెడ చుట్టూ చేతులేసి గుసగుసగా అనేసింది: "అమ్మా, పెట్టి పలకదు గదా. సెల్లులు సచ్చిపోనాయి. నానూ అప్పా ఎండలో ఎట్టినాం. అప్ప కొరికినాది కూడాను. కొంచెమే పలికినాది." అప్ప అంటే అక్క, పైడి.

కొంచెమే పలికింది. అవును, కొంచెమే పలుకుతుంది. అరిగిపోయిన సెల్లుల్ని ఎండకు పెడితే కాసేపు ఊపిరొస్తుందని ఈ పేటలో తెలియనిదెవరికి? వరహాలే నేర్పాడు. పోయిన ఎండాకాలం కొత్తవి కొనడం కుదరక, మూడు సెల్లులూ తీసి ఇంటి ముందు తిరగలి రాతి మీద వరసగా పెట్టి, అప్పడాలు తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి, అడుగుభాగం పళ్లతో కొరికి, మళ్లీ పెట్టిలో దోపితే పలికింది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. "సూసినారా, సచ్చినోడు లేసినాడు!" అని నవ్వాడు. తర్వాత అసిరమ్మతో వేరేగా అన్నాడు, ఇది గట్టుమీద ఆట, నీళ్లలోకి ఇలాంటి సెల్లులు తీసుకెళ్లకూడదు, చల్లబడితే చస్తాయి అని. ఆ రెండో మాట పిల్లలకు చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఎక్కడ మొదలైంది ఇదంతా? అసిరమ్మ మనసు వెనక్కి పరుగెత్తి పరుగెత్తి ఒక గేటు దగ్గర ఆగుతుంది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఇంజినీరు గారి ఇల్లు, పెదవాల్తేరులో. వేసవి సెలవుల్లో పిల్లల్ని ఇంట్లో వదిలితే నీళ్ల వైపు పోతారని, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇద్దర్నీ చెరో పక్కన నడిపించుకుంటూ వీధులు తిరిగేది. ఆ ఇంజినీరు గారి అమ్మాయి కాలేజీలో చదువుతుంది. కిటికీలో పెద్ద టేపురికార్డరు. వీళ్లు గేటు దగ్గరికొచ్చేసరికి అందులోంచి వచ్చింది ఆ పాట. డిస్కో అంటారట. ఏ భాషో తెలియదు. తెలుగు కాదు, హిందీ కూడా కాదేమో. డుగ్గు డుగ్గుమని గుండె కొట్టుకున్నట్టు ఒక మోత, దాని మీద ఒక ఆడగొంతు, మధ్యలో ఎవరో ఈల వేసినట్టు. అంతే, పిల్లలిద్దరూ గేటు చువ్వలు పట్టుకుని నిలబడిపోయారు. పుట్టిన తర్వాత వాళ్ల చెవిన పడ్డ పాటేముంది? జోగమ్మ జోలపాట, వల లాగేటప్పుడు మగవాళ్లు అరిచే ఐలేసా. పెళ్లిళ్లలో మైకు పెట్టినా, టీ కొట్టులో రేడియో మోగినా వరహాలు పిల్లల్ని ఆ వీధికే పోనిచ్చేవాడు కాదు, మైకు పాట రుచి మరిగితే ఇంట్లో పెట్టి మీద కన్ను పడుతుందని. సినిమా హాలు గోడ తప్ప లోపల ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. అలాంటి చెవుల్లో ఒక్కసారిగా అంత మోత పడింది. ఆకలి మీదున్న పిల్లకు ఒక్కసారే కడుపునిండా పెడితే ఏమవుతుందో అదే అయింది. "ఏం చేపలమ్మీ, నీ పిల్లలకి మా పాట నచ్చిందే!" అని ఇంజినీరు గారి భార్య నవ్వి, కూతురితో మళ్లీ వేయించింది. పాపం, మంచి మనిషి. ఆ మళ్లీయే కొంప ముంచింది.

మర్నాటినుంచి వేరే వీధికి పోదామంటే ఏడుపు. దారిలో పైడి తట్ట అంచు మీద వేళ్లతో డుగ్గు డుగ్గు. ఇంట్లో కిరసనాయిలు డబ్బా మీద డుగ్గు డుగ్గు. నూకాలు నిద్రలో కూడా అదే. మాటలు రావు కనక నోటికొచ్చిన మాటలు పెట్టుకున్నారు, చేపల పేర్లే పెట్టుకున్నారు. నెత్తళ్లూ కవళ్లూ అంటూ ఆ డిస్కోలో పాడుతుంటే వీధిలో వాళ్లు పడీపడీ నవ్వారు. చలమయ్యయితే వేటకు పోయేటప్పుడు ప్రతిసారీ ఆగి, "ఒలే గుంటల్లారా, ఓపాలి పాడండే, సేపలు అయే వలలో పడిపోతాయి" అనేవాడు. అది పెట్టి కాదు కనక వరహాలు ఏమీ అనేవాడు కాదు, మీసాల కింద నవ్వుకునేవాడు. భయపడింది జోగమ్మ ఒక్కతే. ఆమెకు చెవులు సరిగ్గా వినబడవు. పాట వినబడదు, పిల్లల ఊపు మాత్రం కనబడుతుంది. ఏ గాలో సోకిందని ఇద్దర్నీ లాక్కుపోయి గాజువాక అవతల ఒక మంత్రగాడి ముందు కూర్చోబెట్టింది. ఆయన వేపమండ పట్టుకుని డమరుకం వాయించడం మొదలెట్టగానే ఇద్దరూ లేచి ఆ దెబ్బకు సరిగ్గా అడుగులు వేస్తూ ఆడేశారట. ఆయన బెదిరిపోయి డమరుకం కింద పెట్టేశాడట. ఆ కథ తల్చుకుని అసిరమ్మా కాసులమ్మా ఎన్ని సాయంత్రాలు కళ్లు తుడుచుకుంటూ నవ్వారో. ఇప్పుడు కూడా ఆ నవ్వు గొంతులోకి వచ్చేసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని ఎవరో వీపు నిమిరారు.

"కనబడతన్నాదా అప్పా?" అని అడిగింది అసిరమ్మ. కాసులమ్మను చెల్లెలిలా అప్పా అనే పిలుస్తుంది. కాసులమ్మ ఇంకా చూస్తోంది. లాంచీ మోత గాలి విసిరినప్పుడల్లా వినబడుతోంది, డుగ్గు డుగ్గుమని. ఛీ, అది కూడా అలాగే. నిజానికి ఆ పాట తనకూ వచ్చేసింది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నెత్తిన తట్ట పెట్టుకుని ఎండలో నడుస్తుంటే కాళ్లు దాని లెక్కకే పడుతున్నాయని ఒకరోజు తెలిసి సిగ్గుపడి, కావాలని అడుగు తప్పించి నడిచింది. ఎవరికీ చెప్పలేదు. ఆడది నలభైకి దగ్గరపడ్డాక డిస్కో ఏమిటి?

సెలవులయ్యాక పాట మర్చిపోతారనుకుంది. ఇంజినీరు గారు క్వార్టర్సులోకి మారిపోయారు, కిటికీ మూసేశారు. పాట దొరక్క పైడి మూలుగుతూ నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి కుదుటపడింది. ఎలా కుదుటపడిందో అసిరమ్మ ఆలోచించలేదు. ఆలోచించే తీరికేది? ఇవాళ పొద్దున నూకాలిని కళ్లు తుడుస్తూ అడిగి అడిగి ముక్కముక్కగా రాబట్టింది. టీ కొట్టు రేడియోలో ఆ పాట వచ్చిందట. అంటే పాట ఇంజినీరు గారి ఇంట్లోనే ఉండదు, రేడియోలో కూడా ఉంటుంది. రేడియోలో ఉంటే మనింట్లో పెట్టిలో కూడా ఉంటుంది కదా! గంగమ్మ పక్కనే, పసుపు రాసుకుని, ఇన్నాళ్లూ లోపల పెట్టుకుని ఇవ్వకుండా కూర్చుంది! రాత్రి వేట చేసి వచ్చి వరహాలు మధ్యాహ్నం ఒళ్లెరక్క నిద్రపోతాడు. అసిరమ్మ బజారులో. జోగమ్మకు వినబడదు. గట్టు మీద బోర్లించిన పాత పడవ కింద ఇసక తవ్వి దూరి, పెట్టిని మధ్యలో పెట్టుకుని, చెవులు రెండు వైపులా ఆనించి వినేవారట. ఆ పాట ఎప్పుడొస్తుందో తెలియదు కనక, వచ్చేదాకా మిగతావన్నీ వినాలి. కొన్ని రోజులు వచ్చేది కాదు. రాని రోజు, రేపు తప్పకుండా వస్తుందని అప్ప చెప్పేదట. వరహాలు లేచే వేళకు పెట్టి మళ్లీ అలమరలో. ఒకసారి దాని మీద కుంకం చెరిగి ఉంటే బల్లి పాకిందనుకుని అసిరమ్మే కొత్త బొట్టు పెట్టింది. చెయ్యి చూసుకుంది. ఈ వేలితోనే.

దీపావళి దాకా ఈ సెల్లులు ఆగుతాయని వరహాలు లెక్క. రోజుకు రెండు కబుర్లు వినే పెట్టి, ఎందుకాగదు? నిన్న మధ్యాహ్నం అన్నం తింటూ, "ఈ ఎండేటి ఇలాగ కాసేత్తన్నాది, గాలి ఊపిరి బిగబట్టినట్టున్నాది" అన్నాడు. బయట పిల్లలు తిరగలి రాతి దగ్గర ఏదో ఆడుతున్నారు. అది ఆట అనుకుంది. ఆ పూటే, తండ్రి నిద్రలో ఉండగా, పెట్టి మూగపోయిందట వాళ్ల చేతుల్లో. పాట మధ్యలో. తండ్రికి తెలిస్తే చంపుతాడని, తండ్రి చేసినట్టే చేశారు. సెల్లులు ఎండలో కాల్చి, పైడి ఊడిన పళ్ల సందుకు అటూ ఇటూ ఉన్న పళ్లతోనే కొరికి, దోపి, పలికిందని చూసి గంతులేసి, ట్యూబులో కట్టేముందు తండ్రి చేతికిచ్చింది. గట్టున కాసులమ్మ కూడా ఉంది, చలమయ్యకు చద్దన్నం గిన్నె ఇవ్వడానికొచ్చి. వరహాలు అలవాటు ప్రకారం తిప్పాడు. గణగణమని పలికింది. ఎవరో వార్తలు చదువుతున్నారు. తుఫాను మాట లేదు. "ఉన్నాది, ఉన్నాది గొంతు" అని కట్టేసి, పైడి నెత్తి మీద చేత్తో తట్టి, "నా పెట్టికి కాపలాదారు ఇదే" అన్నాడు. చలమయ్య పడవ తోస్తూ నూకాలికి కన్ను గీటి డుగ్గు డుగ్గు అని నడుం ఊపాడు. కాసులమ్మ, "సిగ్గు లేదు ముసలాడా" అంది. అదీ వాళ్లిద్దర్నీ ఆఖరుసారి... ఆఖరుసారి అనకూడదు. గంగమ్మ తల్లీ, ఆ మాట నేననలేదు. లాంచీ వస్తోంది కదా.

తుఫాను కబురు సాయంత్రం వచ్చింది. టీ కొట్టు రేడియో దగ్గర పేటంతా నిలబడి విన్నది. మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదు, వెళ్లినవారు వెంటనే తీరం చేరాలి. చీకటి పడలేదు, గాలి లేవలేదు, గట్టెక్కడానికి కావలసినంత పొద్దుంది. ఆ వేళకు నీళ్ల మధ్య వరహాలు ట్యూబు విప్పి తిప్పి ఉంటాడు. పలకలేదు. చేత్తో తట్టి ఉంటాడు. ఇప్పుడే కదా పలికింది అనుకుని ఉంటాడు. ఏ తీగో ఊడిందనుకున్నాడా? సెల్లులు తీసి చూశాడా? చూస్తే, వాటి పైకాగితం మీద పంటిగాట్లు. చిన్నవి. మధ్యలో సందు. చూసి ఉంటే అర్థమైపోయి ఉంటుంది. అప్పుడేమనుకున్నాడు? తిట్టుకున్నాడా? నవ్వాడా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలు. ఆ ఒక్కటీ తెలిస్తే తను ఎలాగో బతుకుతుంది. నవ్వే ఉంటాడు. మళ్లీ ట్యూబులో పెట్టి తాడు కట్టేసి ఉంటే కోపం లేనట్టే. కోపమొస్తే నీళ్లలోకి విసిరేసేవాడు. చలమయ్యకు చెప్పాడా? అమ్మో. చెబితే చెప్పాడు, ఇద్దరూ తిరిగొచ్చి నా కూతుర్ని చెరో దెబ్బా కొట్టనీ. తోలు ఊడేటట్టు కొట్టనీ. ఈ పేటలో ఒక ముసలాయనున్నాడు, కుర్రతనంలో ఒకసారి చేతిలో తాడు జారవిడిచాడు, ఆ తాడు పట్టుకుని నీళ్లలో ఉన్నవాడు పోయాడు. ఇప్పటికీ ఆయన పేరు ఎవరికీ తెలియదు, తాడొగ్గీసినోడు అంతే. మనవలకు సంబంధాలు చూసినా తాడొగ్గీసినోడి మనవలే. మరి పైడిని ఏమంటారు? అయ్యను తినేసిన గుంట అంటారు. పాటకు అయ్యనమ్మేసిన గుంట అంటారు. ముందు అనేది ఎవరు? కాసులమ్మ. అనే హక్కు ఆమెకే ఉంది. నవ్వుతూ వీధిలో పిల్లలకు అన్నం ముద్దలు పెట్టిన చేత్తోనే దుమ్మెత్తి పోస్తుంది. తను ఆమె స్థానంలో ఉంటే పొయ్యదా?

కాసులమ్మ అరవడం లేదు. ఎప్పుడు ఆపిందో అసిరమ్మ గమనించలేదు. గద్ద కళ్ల మనిషి అలా నోరు కట్టుకుని నిలబడిందేమిటి? చెయ్యి నుదుటి మీంచి జారిపోయి పక్కన వేలాడుతోంది. అసిరమ్మ నూకాలిని ఇసకలో దించి లేచి నిలబడింది. లేవగలిగినందుకు ఆశ్చర్యపోయింది. లాంచీ వెనక తాడు చివర ఉన్నది పడవే. పడవ మీద మనుషులు కనబడడం లేదు. ఎందుకంటే కనబడుతున్నది పడవ పైభాగం కాదు, కడుపు. తారు పూసిన నల్లటి కడుపు, చచ్చిన సొరచేప తేలినట్టు.

లాంచీ కెరటాల అవతలే ఆగింది. కుర్రాళ్లు ఈదుకుంటూ వెళ్లి తాడు అందుకుని పడవను గట్టుకు లాక్కొచ్చారు. ఐలేసా అని ఎవరూ అనలేదు. భీమిలికి చాలా దూరాన దొరికిందని, మనుషులెవరూ కనబడలేదని లాంచీ మీంచి ఒకాయన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచి చెప్పాడు. జోగమ్మకు అది కూడా వినబడలేదు. అందరి మొహాలూ చూసి ఇసకలో కూలబడింది. ఏడుపులు లేచాయి. మొహాల మీద కొట్టుకుంటున్నారు. అసిరమ్మకు ఏడుపు రావడం లేదు. ఆమె కళ్లు బోర్లాపడిన పడవ కింద, అడ్డకర్రకు బిగించి కట్టిన లారీ ట్యూబు ముక్క మీదున్నాయి. రెండు చివర్లా ముడులు. అతని చేతి ముడులు. కాసులమ్మ కూడా దాన్నే చూసింది. వంగి లాగింది, రాకపోతే పళ్లతో ముడి విప్పింది. లోపల పెట్టి పొడిపొడిగా, పసుపు కూడా చెదరకుండా ఉంది.

"తడి లేదు. తడే తగల్లేదు దీనికి" అంది కాసులమ్మ. తిప్పింది. మళ్లీ తిప్పింది. చెవికి ఆనించుకుంది. "పలకదేటి ఇది?"

"సెల్లులు అయిపోయుంటాయమ్మా" అన్నాడెవరో పెద్దాయన.

"అయిపోడమేటి? నిన్న పలికినాది. నానిక్కడే ఉన్నాను. నా సెవుల్తో ఇన్నాను." ఎవరో ఆమె చేతిలోంచి పెట్టి తీసుకుని బోర్లించిన పాత పడవ మీద పెట్టారు. అంతలో కుర్రాళ్లు భీమిలి వైపు గట్టు వెంట వెతకడానికి బయలుదేరారు, ఆడవాళ్లు ఏడుస్తూ వాళ్ల వెనక కొంత దూరం పోయారు, జనమంతా అటు జరిగింది. అసిరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది: పైడి ఎక్కడ?

పైడి పాత పడవ దగ్గరే ఉంది. పీతను వదిలేసింది. పెట్టి వెనక మూత తీసింది. మూడు సెల్లులూ ఒకదాని పక్కన ఒకటి పడవ కడుపు మీద వరసగా పెట్టి, మొహం పైకెత్తి మబ్బు వంక చూస్తోంది. ఎక్కడో మబ్బు పలచబడి, నీళ్లు కలిపిన పాల లాంటి వెలుగొకటి ఇసక మీద పడుతోంది. "ఎండ సాల్లేదమ్మా" అంది తల్లిని చూసి. "కొంచెం కాత్తే సాలు. అయ్యొచ్చేసరికి పలికించేత్తాను." ఒక సెల్లు తీసి నోట్లో అడ్డం పెట్టుకుని కొరకబోయింది. అసిరమ్మ ఒక్క గెంతులో వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. కానీ ఆమె నీడ పక్కన ఇంకో నీడ పడింది. కాసులమ్మ.

సెల్లులు ఎండకు ఎప్పుడు పెడతారో కాసులమ్మకు ఒకరు చెప్పాలా? వరసను చూసింది. పైడిని చూసింది. నిన్న మధ్యాహ్నం గణగణమని పలికిన పెట్టి ఆమె కళ్లలో తిరుగుతోంది, అసిరమ్మకు కనబడుతోంది. ఒక్కొక్క ముడీ విప్పుకుంటున్నట్టు.

"నానే" అంది అసిరమ్మ. మాట తనదే. ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. "పాటలు నానే ఇన్నాను అప్పా. మజ్జాన్నం ఆయన పడుకున్నాక. సెల్లులు అరిగిపోతే బయపడి నానే ఎండకెట్టినాను. గుంటకేటీ తెలీదు. నన్ను సూసి ఆడతన్నాదంతే."

"నువ్వు."

"నానే."

"పాటలు." కాసులమ్మ గొంతు మెల్లగా ఉంది, అన్నానికి పిలిచినంత మెల్లగా. "ఏ పాటే? మా ముసలాడి కంటే, మీ ఆయన కంటే ఎక్కువైన పాట ఏటే అది?"

అసిరమ్మ నోరు తెరిచింది. ఒక పాట పేరైనా తెలిస్తే కదా చెప్పడానికి. నోట్లోకి వచ్చింది ఒక్కటే. పెదాలు దానికే కదిలాయి. మాటల్లేవు, ఆ మోత ఒక్కటే, పొడారిన గొంతులో నాలుగు దెబ్బలు. పైడి తలెత్తి తల్లిని చూసింది. ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. అమ్మకు మొత్తం వచ్చు! పక్కన నూకాలు అలవాటు కొద్దీ అందుకుని, తర్వాతి ముక్క సన్నగా పాడేసింది.

కాసులమ్మ వంగి ఒక సెల్లు తీసుకుంది. కాగితం మీద బొటనవేలు పెట్టి నిమిరింది. ఆ చివర్నుంచి ఈ చివరికి, ఈ చివర్నుంచి ఆ చివరికి. గాట్ల మధ్య సందు దగ్గర వేలు ఆగింది. తమలపాకు గారతో ఎర్రబడిన అసిరమ్మ పళ్లను చూసింది. పైడి నోరు ఇంకా తెరిచే ఉంది.

"నీ పళ్లు ఇంత సిన్నవేటే అసిరీ" అంది.

తిట్టలేదు, కొట్టలేదు. సెల్లును నీళ్లలోకి విసరనూ లేదు. తడి కొంగు చివర లాగి, అందులో ఆ సెల్లు పెట్టి, చిల్లర కట్టుకున్నట్టు ముడివేసింది. ఒకటి వేసి, మీద ఇంకొకటి వేసింది. తర్వాత ఇంటి వైపు నడిచింది. నడుస్తుంటే ఆ ముడి ఆమె మోకాలికి తగులుతోంది, అడుగడుక్కీ. వీధి మలుపు తిరిగేదాకా అసిరమ్మ ఆ ముడినే చూస్తూ నిలబడింది. ఆమె వెనక్కి చూస్తుందేమోనని. చూడలేదు.

"అమ్మా, మూడూ ఉండాల గదా" అంది పైడి. "రెండుకి పలకదు."

అసిరమ్మ పిల్ల పక్కన కూలబడింది. ఇసకలోంచి చలి ఎక్కుతోంది. పైడి ఆమె చెయ్యి పట్టుకుని మిగిలిన రెండు సెల్లుల మీద పెట్టింది, ఎలా తిప్పాలో చూపిస్తూ. "ఇటుపక్క కూడా ఎండాలమ్మా." అసిరమ్మ తిప్పింది.